గొర్రెల దొడ్డికి ఝట్కా మిషన్: చేయించుకోవాలా, కొనాలా?

మెట్ట_మంద (ప్రశ్న)

ఉదయగిరి వైపు మెట్ట చేను. అర ఎకరం దొడ్డి, చుట్టుకొలత 180 మీటర్లు. జొడిపి గొర్రెలు 60, పిల్లలు 25. ఇప్పటికి చిల్లకంప దడి ఒక్కటే ఆధారం. రాత్రిపూట పిల్లలు పోతన్నాయి. నక్కని ఒకరంటారు, తోడేలని ఒకరంటారు. ఊరకుక్కలు కూడా తక్కువేం లేవు.

సలహాలకు కరువు లేదు. నాటు తుపాకీ చేయించుకో అని ఒకాయన. లైసెన్సు తీసుకుని మంచి రైఫిల్ కొనమని ఇంకొకాయన. రెండూ వద్దు, సోలార్ ఝట్కా కంచె (తాకితే క్షణంపాటు షాక్ కొట్టే తీగల కంచె) వేయమని మా బావమరిది. టౌన్లో రేడియోలు, ఇన్వర్టర్లు బాగుచేసే మెకానిక్ ఆ షాకిచ్చే మిషన్ ఒక్కటీ 3,500కు చేసిస్తానన్నాడు. షాపులో ప్యానెల్, బ్యాటరీతో కలిపి 14,000 చెప్పారు. తేడా పెద్దదే. చేయించుకుంటే ఏమవుతుంది, కొంటే ఏం చూసి కొనాలి? తెలిసినోళ్ళు చెప్పండి.

వెలిగొండ_అంచు

ముందు తుపాకీ సంగతి తేల్చేద్దాం, మళ్ళీ దాని జోలికి పోకుండా.

నాటు తుపాకీ చేయించడం అంటే ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 కిందికి వస్తుంది. లైసెన్సు లేని తయారీకి 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ళకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. చేసినోడికే కాదు, ఇంట్లో పెట్టుకున్నోడికీ కేసే. ఇక కొనడం. అదే చట్టం సెక్షన్ 13లో పంట కాపలాకు మందు కూరే తుపాకీ, రక్షణకు 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్న గొట్టం తుపాకీ అని రాసుంది. రైఫిల్ ఆ మాటలో లేదు.

సరే, లైసెన్సు వచ్చిందే అనుకో. దేన్ని కాలుస్తావు? వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 9 వేటను నిషేధించింది. తోడేలు, చిరుత షెడ్యూల్ 1 (అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితా) జంతువులు, వాటిని చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళు. గొర్రెను ఎత్తుకుపోయిందన్నది సాకు కాదు. మనిషి ప్రాణానికి ముప్పు వస్తే సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి, అది మన చేతిలో పని కాదు. ఎరలో విషం పెట్టడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. పైగా ఆ ఎర ముందు తినేది మన మంద కుక్కే.

కాబట్టి లోపలికి రానీకుండా చెయ్యడం ఒక్కటే దారి. అయితే వచ్చేది ఏదో తెలియకుండా కంచె గీస్తే డబ్బు దండగ. కుక్కకు వేసే కంచె చిరుతకు పనికిరాదు.

పశువైద్యం_ఆత్మకూరు

వచ్చింది ఏదో చచ్చిన జీవమే చెబుతుంది, చూసే పద్ధతి ఉంటే.

మొదటి పని, మెడ దగ్గర చర్మం కోసి వెనక్కి మడిచి చూడండి. ప్రాణంతో ఉండగా కొరికితే చర్మం కింద నెత్తురు గడ్డకట్టి నల్లగా కమిలి ఉంటుంది. కమిలిన గుర్తు లేకుండా పైన మాత్రం చీలి ఉంటే అది రోగంతోనో చలికో చచ్చింది, తర్వాత నక్క వచ్చి తిన్నది. పుట్టిన రెండు మూడు రోజుల పిల్లల్లో ఇది ఎక్కువ. కంచె వేసినా అట్టాంటి చావులు ఆగవు, దానికి వైద్యం వేరే.

కుక్కలైతే ఒక రాత్రిలో నాలుగైదు జీవాలు. వెనక తొడలు, చెవులు, తోక, పొదుగు ఎక్కడ పడితే అక్కడ చీల్చి ఉంటాయి, తిన్నది మాత్రం కొంచెమే. నక్క చిన్న పిల్లనే ఎంచుకుంటుంది. పొట్ట పక్కనుంచి తింటుంది, లేదంటే మొత్తంగా మోసుకుపోతుంది. తోడేలు గొంతు పట్టి ఈడ్చుకుపోతుంది, పెద్ద గొర్రెనైనా సరే. చిరుత గొంతు దగ్గర లోతుగా రెండు జతల కోరగాట్లు వదులుతుంది, దూరంగా పొదలోకి లాగుతుంది. దాని అడుగులో గోళ్ళ గుర్తు పడదు. కుక్క, నక్క, తోడేలు అడుగుల్లో గోళ్ళు పడతాయి.

మెకానిక్‌తో బేరానికి ముందు దొడ్డి చుట్టూ మూడడుగుల పట్టీ గడ్డి చెక్కి, సన్న ఇసుక పోసి చీపురుతో సాపు చెయ్యండి. పొద్దున్నే గొర్రెలు తోలకముందు చూడండి.

ఇంకోటి. కుక్క కరిచి బతికిన గొర్రెను అట్టే వదలొద్దు. గాయాన్ని సబ్బు నీళ్ళతో పావుగంట ధారగా కడిగి, రేబిస్ టీకా 0, 3, 7, 14, 28 రోజుల్లో వేయించండి. గాయం చిన్నదే కదా అని మానుకునేదే ఎక్కువ ముంచుతుంది. చిరుతో తోడేలో చంపిందని అనుమానం ఉంటే కళేబరం కదల్చకుండా ఫోటోలు తీసి ఫారెస్టు రేంజి ఆఫీసులో రాసివ్వండి. పరిహారానికి వాళ్ళ పంచనామా, పశువుల డాక్టరు కాగితం రెండూ కావాలి.

సోల్డర్_పొగ

మిషన్ గురించి నేను చెబుతా. చేయడం తెలిసినోడిగా చెబుతున్నా: చేయించుకోవద్దు.

లోపల జరిగేది సులభమే. 12 ఓల్టుల్ని చిన్న ఇన్వర్టరు 400 నుంచి 600 ఓల్టులకు పెంచి కెపాసిటర్‌ను నింపుతుంది. సెకను దాటి కాస్త సేపటికి ఒకసారి ఎస్‌సీఆర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ తెరుచుకుని ఆ చార్జి మొత్తం పల్స్ ట్రాన్స్‌ఫార్మర్‌లో పడేస్తుంది. అవతల 6 నుంచి 9 వేల ఓల్టుల దెబ్బ, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. 16 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ 450 ఓల్టులకు నిండితే లోపల నిల్వ 1.6 జౌళ్ళు (జౌల్ అంటే శక్తికి కొలత), కంచెకు చేరేది దాదాపు ఒక జౌల్. నీ దొడ్డికి అది చాలు, మిగులుతుంది కూడా.

బల్ల మీద ఇది ఎవడైనా వెలిగిస్తాడు. రెండు వానాకాలాలు నిలబెట్టడమే కష్టం. ఎందుకో వరసగా:

లోకల్ మిషన్లలో ట్రాన్స్‌ఫార్మర్ బదులు బండి ఇగ్నిషన్ కాయిల్ పెడతారు. గాల్లో అంగుళం నిప్పురవ్వ ఎగురుతుంది, చూసినోడికి భలే అనిపిస్తుంది. కానీ దాని సెకండరీ నిరోధం కొన్ని వేల ఓమ్‌లు, ఇచ్చే శక్తి జౌల్‌లో చిన్న భాగం. కంచెకు తడి గడ్డి తగలగానే ఓల్టేజి కొన్ని వందలకు పడిపోతుంది. కుక్క ముక్కు పెట్టి, తుమ్మి, దూరి వస్తుంది. నిప్పురవ్వ చూసి మిషన్ కొనొద్దు.

చేత్తో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అయితే వార్నిష్ మధ్యలో గాలి బుడగలు మిగిలిపోతాయి. ఎండల్లో ఏమీ కాదు. అక్టోబరులో ముసురు పట్టాక ఆ బుడగల దగ్గరే లోపల్లోపల రవ్వలు లేచి ఇన్సులేషన్ కాలుతుంది.

కెపాసిటర్‌గా ఫ్యాను కెపాసిటర్లు వాడతారు. అవి ఒక్క దెబ్బకు మొత్తం చార్జి వదలడానికి చేసినవి కావు. లోపల అతుకులు వేడెక్కి కెపాసిటీ నెలనెలా తగ్గుతుంది. మిషన్ టిక్ టిక్ అంటూనే ఉంటుంది, దెబ్బలో మాత్రం బలం ఉండదు.

ఇక అసలు భయం. రెండు దెబ్బల మధ్య కనీసం ఒక సెకను ఖాళీ ఉండాలి. తగిలిన మనిషి కండరం వదులై చెయ్యి వెనక్కి తీసుకునేది ఆ సెకనులోనే. రేకు డబ్బాలో ఎండకు ఎండి టైమర్ తాలూకు చిన్న కెపాసిటర్ పాడైతే దెబ్బల వేగం పెరుగుతుంది. అప్పుడు పట్టుకున్న చెయ్యి ఊడదు. బ్యాటరీ మీద నడిచేటప్పుడు తప్పు జరిగినా చాలావరకు కంచె ఉత్తినే చచ్చి ఊరుకుంటుంది. ముసురు రోజుల్లో బ్యాటరీ దిగిపోయిందని ఇంటి కరెంటు నుంచి చవక అడాప్టర్ తగిలిస్తారు చూడు, ప్రాణం పోయేది అక్కడ. ఆ అడాప్టర్లో ఇన్సులేషన్ పోతే 230 ఓల్టులు నేరుగా తీగ మీదికొస్తాయి.

కొనేటప్పుడు చూడాల్సింది కంచె మిషన్లకున్న అంతర్జాతీయ భద్రతా ప్రమాణం, ఐఈసీ 60335-2-76. దాని ప్రకారం 500 ఓమ్‌ల లోడు మీద దెబ్బకు 5 జౌళ్ళు మించకూడదు, దెబ్బ 10 మిల్లీసెకన్లు దాటకూడదు, సెకనుకు ఒకటి మించకూడదు. డబ్బా మీద ‘20 ఎకరాలు’, ‘10 కిలోమీటర్లు’ అని ఉంటే దానికి అర్థం లేదు. ‘ఔట్‌పుట్ ఎన్ని జౌళ్ళు’ అని అడుగు. ‘స్టోర్డ్’ జౌళ్ళు చెబితే అందులో మూడో వంతు తీసేసి లెక్కేసుకో. నీకు ఒక జౌల్ ఔట్‌పుట్, ఓల్టేజి పడిపోతే మోగే సైరన్, ఎర్ర (కంచెకు), పచ్చ (ఎర్తుకు) టెర్మినళ్ళు విడిగా, బ్యాటరీ తక్కువైతే వెలిగే లైటు. ఇంతకుమించి అక్కర్లేదు. రిమోట్లు, యాప్‌లు చూపించి రేటు పెంచుతారు, వదిలెయ్.

మెట్ట_మంద

సరే, మిషన్ కొంటా. కానీ 180 మీటర్లకు అయిదు తీగలు, కూసాలు, కూలీ లెక్కేస్తే మిషన్ కంటే అదే భారంగా ఉంది. ఎక్కడ తగ్గించాలి?

కూసం_తీగ

అర ఎకరం చుట్టూ ఎందుకయ్యా? పగలు నువ్వు మందతోనే ఉంటావు. పిల్లలు పోయేది రాత్రి పడుకున్న చోట. కంచె పడక చుట్టూ వెయ్యి, దొడ్డి చుట్టూ కాదు.

ఆరుబయట పడుకునే పెద్ద గొర్రెకు 2 చదరపు మీటర్లు, పిల్లకు అందులో సగం లోపు. నీ మందకు 140 చదరపు మీటర్లు, అంటే 1,500 చదరపు అడుగులు. 30 అడుగులు, 50 అడుగులు వేసుకో. చుట్టుకొలత 160 అడుగులు, యాభై మీటర్లు. 180 ఎక్కడ, 50 ఎక్కడ!

ఇప్పుడు చైన్‌లింక్, అంటే ఇనప తీగ అల్లిన వల కూడా అందుబాటులోకి వస్తుంది. ఒట్టి ఝట్కా తీగలే వేస్తే ఒక లోటు ఉంది. బెదిరిన మంద ఒక్కసారి మీద పడితే ఏ తీగా ఆపలేదు. గొర్రెల్ని ఆపడానికి లోపల వల, బయటిదాన్ని ఆపడానికి వెలుపల తీగ. రెండూ కలిస్తేనే దొడ్డి.

సామాను: 5 అడుగుల చైన్‌లింక్ 160 అడుగులు. 7 అడుగుల రాతి కూసాలు పది అడుగులకు ఒకటి చొప్పున 16, గేటుకు ఇంకో రెండు. రెండడుగులు భూమిలోకి పోవాలి, మూలల్లో ఏటవాలు దన్ను ఉండాలి. 2 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఉన్న ఇనప) తీగ కిలోకు 40 మీటర్లు వస్తుంది, మూడు వరసలకు 150 మీటర్లు, నాలుగు కిలోలు చాలు, అతుకులకు అయిదు తెచ్చుకో. ఇన్సులేటర్లు కూసానికి మూడు, మొత్తం 54. పగిలేవి ఉంటాయి, 60 కొను. ముళ్ళ తీగకు మాత్రం కరెంటు ఇవ్వొద్దు, అది నియమమే. తగులుకున్న మనిషి గాని జీవం గాని విడిపించుకోలేదు.

తీగలు వలకు ఆనించకూడదు. 8, 10 అంగుళాలు బయటికి చాచిన ఇనప పట్టీల చివర ఇన్సులేటర్లు బిగించి లాగాలి. మొదటి తీగ నేల నుంచి 6 అంగుళాలు, ఇది తవ్వేదానికి, పాకేదానికి. రెండోది 18 అంగుళాలు, కుక్క, తోడేలు ముక్కు ఎత్తు. మూడోది వల పైఅంచుకు నాలుగు అంగుళాల పైన, ఎక్కేదానికి. ఊరకుక్కలు చైన్‌లింక్ నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతాయి, పైతీగ లేకపోతే మిగతావి ఉండి లాభం లేదు.

నక్క తవ్వుతుంది. వల కింది అంచున ఇంకో రెండడుగుల వల నేలమీద బయటికి పరిచి, రాళ్ళు పెట్టు. అది వల మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు.

ఇసుక పట్టీలో గోళ్ళు లేని పెద్ద అడుగు కనిపిస్తే చెప్పు, అప్పుడు లెక్క మారుతుంది. చిరుతకు పైకప్పు కావాలి. దొడ్డి మొత్తానికి కాకపోయినా పిల్లల గూడుకైనా పైన వల బిగించి, తలుపుకు గడియ పెట్టాలి. పెనుశిల అభయారణ్యం వైపు, వెలిగొండ కింద ఊళ్ళకు ఇది తప్పదు.

సముద్రం_గాలి

కావలి వైపు నుంచి. పైన చెప్పినవి మెట్టకు సరిపోతాయి, ఇక్కడ ఉప్పుగాలికి రాతి కూసం మీద నల్ల ప్లాస్టిక్ ఇన్సులేటర్లు నిలవవు. పాత ప్లాస్టిక్ కరిగించి పోసినవి ఎండకు రెండేళ్ళలో బీటలిస్తాయి. ఆ బీటలో ఉప్పు, తేమ చేరితే కరెంటు కూసంలోకి కారుతుంది. రాత్రి చెవి పెడితే టక్ టక్ అని వినపడుతుంది. పింగాణీవి గాని, యూవీ తట్టుకునే కొత్త ప్లాస్టిక్‌వి గాని తీసుకోండి. డ్రిప్ పైపు ముక్కలు కోసి తొడిగే అలవాటు ఉంది, ఎండాకాలం నడుస్తుంది. వానలో తడిసిన పైపు మీద 7 వేల ఓల్టులు పాకి నల్లగా గీత పడుతుంది, ఆ తర్వాత అది ఇన్సులేటర్ కాదు, తీగే.

కోతలయ్యాక ఎరువు కోసం పొలాల్లో మంద కట్టేవాళ్ళు కూసాల లెక్కకు పోవద్దు. మూడు వరసల పాలీవైరు (సన్న లోహపు తీగలు కలిపి అల్లిన ప్లాస్టిక్ తాడు), ప్లాస్టిక్ గుంజలు, అర జౌల్ బ్యాటరీ మిషన్, ఎర్తుకు ఒక కడ్డీ గట్టు తడిలో దిగ్గొడితే అయిపోయింది. విదేశీ ఎలక్ట్రిక్ వలలు అమ్ముతున్నారు, పిల్లలున్న మందకు అవి వద్దు. తల దూర్చి మెలిపడిన పిల్లకు సెకనుకో దెబ్బ తగులుతూనే ఉంటుంది. పొట్టేళ్ళకు కొమ్ములు చిక్కుకుంటాయి కూడా.

సోల్డర్_పొగ

కూసం_తీగ అన్నకు ఒకటి కలుపుతా. ఆ చైన్‌లింక్‌ను మిషన్ ఎర్తు టెర్మినల్‌కు కలపండి. మెట్టలో ఇదే ప్రాణం.

కారణం ఇది. తీగ తాకిన జంతువులోంచి కరెంటు నేలలోకి దిగి, నేలలోంచి ఎర్తు కడ్డీకి తిరిగి రావాలి. మే నెలలో ఉదయగిరి గులకనేల ఎండి గట్టిపడిపోతే ఆ దారి మూసుకుపోతుంది. మిషన్ మంచిదే, తీగలో 8 వేలు ఉంటాయి, కుక్కకు మాత్రం చురుక్కుమనదు. అందరూ మిషన్‌ను తిడతారు. వలను ఎర్తు చేస్తే, తీగకు ముక్కు, వలకు కాలు తగిలిన జంతువుకు నేలతో పనిలేకుండా పూర్తి దెబ్బ తగులుతుంది. వల లేని కంచెలకు కూడా ఇదే సూత్రం, తీగలు ఒకటి లైవు, ఒకటి ఎర్తు చొప్పున మార్చి మార్చి లాగాలి.

మన జొడిపికి ఒంటి మీద ఉన్ని ఉండదు కాబట్టి వాటికి కూడా బాగానే తగులుతుంది. తీగలు వలకు బయటే ఉండాలన్నది అందుకే.

మెట్ట_మంద

వలే ఎర్తు అయితే కడ్డీలు ఎందుకు? ప్యానెల్, బ్యాటరీ ఎంతవి కావాలి? షాపువాడు 20 వాట్ల ప్యానెల్, 7 ఆంపియర్ బ్యాటరీ అంటన్నాడు.

సోల్డర్_పొగ

కడ్డీలు తప్పవు. వల ఒక్కటే ఎర్తు అయితే వానాకాలం గడ్డి తగిలి లీకేజి పెరిగినప్పుడు వల మీదే ఓల్టేజి లేస్తుంది, గేటు తెరిచిన నీకే తగులుతుంది. ఆరడుగుల జీఐ కడ్డీలు మూడు, ఒకదానికొకటి పదడుగుల దూరంలో. అన్నిటినీ ఒకే జీఐ తీగతో, బోల్టు క్లాంపుతో కలుపు. రాగి తీగ జీఐ కడ్డీకి చుట్టొద్దు, తడికి అక్కడే తినేస్తుంది. కడ్డీలకు మంచి చోటు నీళ్ళ తొట్టి పక్కన, గొర్రెలు తాగి ఒలికే చోట. ఇంటి కరెంటు ఎర్తుకు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తుకు కనీసం 10 మీటర్లు ఎడం ఉండాలి.

పరీక్ష: కంచె చివర ఇనప గడ్డపారలు రెండు మూడు నేలలో గుచ్చి తీగకు ఆనించి, తీగ ఓల్టేజి 2 వేల లోపుకు పడేలా చెయ్యి. అప్పుడు చివరి ఎర్తు కడ్డీకి, దూరంగా గుచ్చిన ఇంకో చువ్వకు మధ్య ఓల్టేజి చూడు. 300 లోపు ఉంటే సరే. దాటితే ఇంకో కడ్డీ. ఫెన్స్ టెస్టర్ కొనుక్కో, మామూలు మల్టీమీటర్ పెడితే అది కాలిపోతుంది.

బ్యాటరీ లెక్క. ఒక జౌల్ ఔట్‌పుట్ మిషన్ దాదాపు 2 వాట్లు తింటుంది, 12 ఓల్టుల మీద 170 మిల్లీఆంపియర్లు. రోజంతా నడిస్తే 4 ఆంపియర్ అవర్లు. 7 ఆంపియర్ లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు, అంటే ఒక్క రోజు కూడా పూర్తిగా రాదు. షాపువాడి లెక్క ఎండ కాసిన రోజుకు మాత్రమే. మనకు వాయుగుండం పట్టిందంటే నాలుగు రోజులు సూర్యుడు కనపడడు. నాలుగు రోజులకు 16. లెడ్ అయితే 32 ఆంపియర్ అవర్లకు పైన, లిథియం ఫాస్ఫేట్ అయితే 20 చాలు. ప్యానెల్ 40 వాట్లు. 20 వాట్లది మామూలు రోజు ఖర్చుకు సరిపోతుంది గాని, ముసురు తర్వాత ఖాళీ అయిన బ్యాటరీని నింపలేదు. దక్షిణానికి తిప్పి 15 డిగ్రీల వాలు పెట్టు, నెల్లూరు అక్షాంశానికి అది సరిపోతుంది.

కూసం_తీగ

నాలుగు రోజులు అంటే ఎక్కువే అనిపిస్తుంది గాని, ముసురు రాత్రే నక్కకు అనువు. తగ్గించొద్దు.

ఇంకో రెండు మాటలు. మిషన్ నుంచి కంచెకు, గేటు కింద నుంచి అవతలికి మామూలు ఇంటి వైరు వాడొద్దు. దాని ఇన్సులేషన్ 1,100 ఓల్టులకు చేసింది, ఇక్కడ పోయేది 8 వేలు. భూమిలో వేసిన వారానికి పగులుతుంది, పైకి ఏమీ కనపడదు, కంచె మొత్తం నీరసిస్తుంది. ఝట్కా కంచెకని అమ్మే రెండు పొరల కేబుల్ తెచ్చి, అడుగు లోతున పీవీసీ పైపులో వెయ్యి. పైపు రెండు కొసలూ కిందికి వంచు, నీళ్ళు దిగకుండా.

పైన కరెంటు లైను పోతుంటే దాని కింద సమాంతరంగా కంచె లాగకు. దాటక తప్పకపోతే అడ్డంగా దాటు. 11 కేవీ లైనుకు, నీ తీగకు మధ్య 4 మీటర్ల ఎడం ఉండాలి, ఇళ్ళకు పోయే మామూలు లైనుకు 3 మీటర్లు. పసుపు బోర్డులు దారి వైపు కట్టు, రాత్రి కూడా కనిపించేవి.

మెట్ట_మంద

ఆఖరుది. పగలు మంద బయటికి పోయినప్పుడు మిషన్ ఆపేయొచ్చా? బ్యాటరీ మిగులుతుంది కదా.

కూసం_తీగ

మొదటి నెల ఆపొద్దు. కుక్కలు పగలే వచ్చి వాసన చూస్తాయి, అప్పుడు తగిలిన దెబ్బ రాత్రికి గుర్తుంటుంది. తర్వాత నీ ఇష్టం.

ఆపినా ఆపకపోయినా సాయంత్రం మంద తోలకముందు టెస్టర్ పెట్టి చూడు. 5 వేలు పైన ఉంటే నిశ్చింత. 3 వేలకు తగ్గితే ముందు కింది తీగ విప్పి మళ్ళీ చూడు, చాలాసార్లు గడ్డో, గాలికి పడిన చిల్లకంప రెమ్మో దానికే తగిలి ఉంటుంది. అందుకే కింది తీగకు విడిగా ఒక కటౌట్ స్విచ్ పెట్టించు, వానాకాలం గడ్డి కోసేదాకా దాన్ని ఒక్కదాన్ని ఆపి, మిగతా రెండు నడుపుకోవచ్చు.